గరిసె మీద చెయ్యి

విత్తనం దాచే గరిసెలో పొట్టు తప్ప ఇంకేమీ లేదు.

కమలాక్షి ముందు మోచేతి దాకా చెయ్యి దూర్చి చూసింది. తర్వాత భుజం దాకా దూర్చింది. పైన పరిచిన నాలుగు శేర్ల వేరుశెనక్కాయలు పక్కకు జారాయి. వాటి కింద అంతా పొట్టే. గుప్పెడు తీసి వెలుతురులోకి తెచ్చి చూసింది. మళ్లీ చూసింది. ఎన్నిసార్లు చూస్తే మాత్రం పొట్టు గింజవుతుందా?

బయట పెరట్లో పద్దెనిమిది మంది ఆడవాళ్లు చాటలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. రాత్రి ఆరుద్ర వాన దంచి కొట్టింది. గుట్ట కింద ఆరెకరాల చేను నీళ్లు తాగి మెత్తబడింది. ఇవాళ విత్తనం కాయలు ఒలిస్తే రేపు విత్తాలి. ఎర్రనేల పదును ఎవరి కోసమూ ఆగదు. నాలుగో రోజుకు నేల బిగుసుకుంటుంది. మళ్లీ వాన ఎప్పుడొస్తుందో పెనుకొండ నుంచి హిందూపురం దాకా ఏ పంచాంగమూ చెప్పలేదు.

"ఏమమ్మా, కాయలు పొయ్యల్ల గదా! పొద్దెక్కుతాండాది," అని రామక్క కేకేసింది. ఒలిచేవాళ్లకు ఆమే పెద్ద.

కమలాక్షి కిందికి చూసింది. గరిసె మూత నుంచి ఊడిన మట్టి పెళ్లలు ఆమె కాళ్ల దగ్గరే పడి ఉన్నాయి. ఒకటి తీసి చేతిలో పట్టుకుంది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పంట ఇంటికొచ్చాక మంచి కాయలు ఏరి గరిసెలో పోసి, మూత మీద మట్టీ పేడా కలిపి మెత్తుతారు. తడి ఆరకముందే ఇంటి కోడలు దాని మీద అరచెయ్యి అద్దుతుంది. చెయ్యి వేసిన మనిషే మళ్లీ ఆ మూత విప్పాలి. అంతవరకు ఇంట్లో గంజి కాచుకునే రోజులొచ్చినా విత్తనం జోలికి పోకూడదు. పుష్యమాసంలో ఆ చెయ్యి అద్దింది కమలాక్షే.

కానీ ఈ పెళ్ల మీద ఉన్న చెయ్యి ఆమెది కాదు. చిటికెన వేలు పక్కకు వంగి ఉంది.

ఆ వంకర వేలు ఊరంతటికీ తెలుసు. ఎప్పుడో ఎద్దులతో నీళ్లు తోడే కపిల మోకులో పడి నలిగిన వేలు. కమలాక్షి అత్తగారు నాగేంద్రమ్మది.

"అత్తా!"

నాగేంద్రమ్మ నడవలో గుంజకు ఆనుకుని వక్కలు కత్తిరిస్తోంది. పిలుపు వినబడింది. తల మాత్రం ఎత్తలేదు.

"ఈ చెయ్యి ఎవరిదత్తా?"

అడకత్తెర ఆగింది.

"మా తమ్ముని పెండ్లికని ధర్మవరం పోయి పది దినాలుంటిని గదా. అప్పుడేనా?"

"ఎందుకట్ల అరుస్తావు? పెరట్లో మంది ఉండారు."

"ఉండనీ. వాండ్లకేం చెప్పల్ల? పొట్టు ఒలవమనల్లనా?"

"ఓబుళు వస్తాడు. వచ్చి చెప్తాడు."

"ఆయప్ప చెప్పేది తర్వాత. నువ్వు చెప్పు. నా చెయ్యి చెరిపి నీ చెయ్యి వేసేకి నీకు మనసెట్ల వచ్చింది?"

నాగేంద్రమ్మ కత్తిరించిన వక్కలన్నీ ఒక్కొక్కటిగా సంచిలో వేసుకుంది.  కమలాక్షి కదల్లేదు. చివరికి ముసలమ్మే నోరు తెరిచింది.

"ముప్పై ఏండ్లు మబ్బు దిక్కు చూసి నా కండ్లు పోయినాయి. మీ మామ ఆ చేన్లోనే కూలి సచ్చిపోయె. కరువులో నా మెళ్లో బంగారు గుండ్లు కూడా పాయె. ఇప్పుడు నా కొడుకు వానతో పనిలేని దారి ఒకటి చూసినా అమ్మా అన్యాడు. వద్దనేకి నాకు నోరు రాలేదు. రాలేదంతే."

కమలాక్షికి ఆ మాట వినగానే కోపం కాస్త తగ్గింది. అలా తగ్గినందుకు తన మీద తనకే మళ్లీ కోపం వచ్చింది. మట్టి పెళ్లను అత్తగారి ముందు పెట్టి పెరట్లోకి నడిచింది.

"రామక్కా, గరిసెలో కాయల్లేవు."

ఆడవాళ్లంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒలిచినందుకు కాయలే కూలి. ఆ కాయలు తీసుకెళితే రాత్రికి వాళ్ల ఇళ్లలో కాస్త నూనె, కాస్త చట్నీ.

"లేకపోయేదేంది తల్లీ? మేమే గదా ఏరి పోసింది!"

"మీరు పోసినారు, నేను మూసినా. మా ఇంట్లోవాండ్లే తీసినారు. దాచేదేముండాది?"

"అయితే ఇంగోరింటికి పోతాం. పదును దినాల్లో మాక్కూడా కూలి పోతే ఎట్ల?"

"ఈ పొద్దు పోండి. రేపు పొద్దున్నే ఈడికే రావల్ల. కాయలుంటాయి."

"యాడ నుంచి వస్తాయమ్మా?"

"అది నేను చూసుకుంటా. నా మాట మీద వస్తావా, రావా?"

రామక్క ఆమెను ఎగాదిగా చూసింది. చాట చంకన పెట్టుకుని లేచింది. "నీ మాట మీద వస్తా. ఆయప్ప మాటయితే రాను," అంది. పద్దెనిమిది మందిలో సగం మంది నవ్వారు. కమలాక్షి నవ్వలేదు.

* * *

కమలాక్షి మొగుడు ఓబుళప్ప పది గంటల బస్సుకు దిగాడు. నలిగిన తెల్లచొక్కా, చంకలో ఇంగ్లీషు పేపరు, చేతికి గడియారం. చాటలతో ఎదురొచ్చిన ఆడవాళ్లను చూసి విషయం గ్రహించాడు. అయినా ఏమీ ఎరగనట్టే అరుగెక్కాడు. కొందరు మగవాళ్లకు ఆ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు.

"అమ్మా, నీళ్లియ్యి."

నీళ్లు కమలాక్షి తెచ్చింది. చెంబు అందించి అక్కడే నిలబడింది.

"విత్తనం ఎవరికి అమ్మినావు?"

"అమ్మలేదు... సర్దినా."

"ఎవరికి సర్దినావు?"

"తిప్పేస్వామికి. పన్నెండు మూటలు. యాడికి పోతాయే? వరదా మిల్లు షేరు మళ్లీ లేస్తానే రెండింతలు కొనిస్తా."

రెండేళ్లుగా ఆ ఇంట్లో దేవుడి పేరుకన్నా ఎక్కువసార్లు వినబడిన పేరు వరదా మిల్లు. ఎక్కడో కోయంబత్తూరు దిక్కు బట్టల మిల్లు. దాని గోడ ఏ రంగుదో కూడా ఓబుళప్ప చూడలేదు. హిందూపురం మండీలో షావుకారు తిప్పేస్వామి దగ్గర ఫోను ఉంది. బెంగుళూరులో ఒక బ్రోకరు ఉన్నాడు. వాళ్ల ద్వారా మొదటిసారి కొన్న షేర్లు అమ్మితే లాభం వచ్చింది. రేడియో వచ్చింది. ఊరంతా ఆ రేడియో ముందు కూర్చుంది. ఆ తర్వాత చీనా యుద్ధం వచ్చింది, షేరు పడింది. పడిన కొద్దీ ఓబుళప్ప కొన్నాడు. చవగ్గా దొరుకుతోందన్నాడు.

"పోయినతూరి లాభం అన్యావే. కొన్నదెంతకో, అమ్మిందెంతకో చెప్పినావు. మధ్యలో పోయింది చెప్పలేదు."

"మధ్యలో ఏం పోతుంది?"

"అదే నేనడిగేది."

ఓబుళప్ప చెంబు కింద పెట్టాడు. "కొన్నప్పుడు బ్రోకరుకు రవ్వంత. అమ్మినప్పుడు రవ్వంత. కాగితం మీద స్టాంపులు. గడువుకు దుడ్లు కట్టలేకపోతే వాయిదా జరిపేకి పదైదు దినాలకొకతూరి వడ్డీ. ట్రంకాలుకు..." గొంతు తగ్గిపోయింది. "అదంతా యాపారంలో ఉండేదే."

"ఇంగా ఉండాది. నువ్వు మన చేను తొక్కి ఎన్నాళ్లాయె? ఎర్రెద్దు కుంటుతాండాదని నీకు తెలుసునా? రాత్రి వాన పడితే ఊర్లో మొగోళ్లంతా గోనెసంచులు తలకేసుకొని గట్లు చూసుకునేకి పరిగెత్తిరి. నువ్వు ఫోను పక్కన కాసుకొని కూర్చొనుంటివి. ఇది ఏ బ్రోకరుకు కట్టినట్ల?"

"నీకు తెలీదు కమలాక్షీ." ఆ మాట అతను కోపంగా అనలేదు. నిజంగా నమ్మి అన్నాడు. "ఈ కాలంలో ఐశ్వర్యం మట్టిలో లేదు. బెంగుళూరులో మేడలు కట్టినోళ్లు ఒక్కరూ మడక పట్టి దున్నలేదు. మా నాయన పొద్దు మునిగేదంకా పనిచేసి ఏం మిగిల్చినాడు? ఒక్క షేరు లేచిందంటే ఇట్లాంటి చేన్లు నాలుగు కొంటా."

"కొను. ముందు పన్నెండు మూటల విత్తనం కొనుక్కొని రా."

"మూడు వారాలు ఆగు."

"షేరు మూడు వారాలు ఆగుతుందేమో. పదును మూడు దినాలు కూడా ఆగదు."

  దూరంగా ఎవరి చేనులోనో అప్పుడే ఎద్దుల అదిలింపులు మొదలయ్యాయి.

"నీ పెట్టెలో కాగితం ఉండాది గదా," అన్నాడు ఓబుళప్ప నేల చూస్తూ. "అది ఇయ్యి."

అదేం కాగితమంటారా? వరదా మిల్లు మొదటిసారి లాభం తెచ్చాక, ఇంటి లక్ష్మి పేరున ఉంటే కలిసొస్తుందని తల్లి చెబితే, కొన్ని షేర్లు కమలాక్షి పేరున కొన్నాడు. కంపెనీ వాళ్లు అచ్చువేసి పంపిన ఆ పత్రాన్ని చూసి ఆమె ఎంత పొంగిపోయిందని! నాలుగు మూలలా పసుపు రాసింది, నడుమ కుంకుమ పెట్టింది, మూడు శుక్రవారాలు దేవుడి గూట్లో ఉంచి హారతి ఇచ్చింది. తర్వాత పెళ్లిచీర మడతల్లో దాచి తాళం వేసింది. ఆ తాళంచెవి ఆమె మొలలోనే ఉంటుంది.

"దాన్నేం చేస్తావు?"

"తిప్పేస్వామికిస్తే బ్రోకరు ఇంగో నెల గడువిస్తాడు."

"అమ్మేద్దాం. అమ్మి విత్తనం కొందాం."

"ఇప్పుడమ్మితే మునిగిపోతాం!"

"ఇప్పుడేమన్నా తేలుతాండామా? అది నా పేరున ఉండాది. నేను సంతకం పెట్టను."

"నీ సంతకం అక్కర్లేదులే. కాగితం ఇస్తే చాలు."

ఆ మాట నోరు జారాక ఓబుళప్ప ఉలిక్కిపడ్డాడు. పేపరు మడత విప్పి అందులో తల దూర్చాడు.

"ఎందుకక్కర్లేదు?" అంది కమలాక్షి.

అతను పేపరు దించలేదు. ఆమె మళ్లీ అడగలేదు. లోపలికి పోయి పెట్టె తెరిచింది. పత్రం తీసి చెంగులో కట్టి నడుములో దోపుకుంది. వెనక వాకిట్లోంచి గట్టిగా పిలిచింది.

"యల్లప్పా, బండి కట్టు!"

జీతగాడు యల్లప్ప పరిగెత్తుకొచ్చాడు. "యాడికమ్మా?"

"హిందూపురానికి."

"ఏమెత్తల్ల?"

"పోయేటప్పుడు ఏమీ లేదు. వచ్చేటప్పుడు ఎత్తుదువు గాని."

ఓబుళప్ప అరుగు మీద నుంచి దూకినంత పని చేశాడు. "మండీకి ఆడోళ్లు పోయేది యాడన్నా ఉండాదా? నా పరువేం కావల్ల?"

"నీ పరువు గరిసెలో ఉండాది. పోయి చూసుకో."

* * *

హిందూపురం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఎర్రెద్దు కుంటడం వల్ల దారంతా యల్లప్ప బండి దిగి నడిచాడు. మండీ వీధిలో బెల్లం దిమ్మెల మీద ఈగలు ముసురుతున్నాయి. హమాలీలు బండిలో ఒంటరిగా వచ్చిన ఆడమనిషిని నోళ్లు తెరుచుకుని చూశారు. చూడనిమ్మని ఆమె దిగి నేరుగా కొట్టులోకి నడిచింది.

తిప్పేస్వామి పరుపు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పీట మీద నల్లటి ఫోను. మనిషి మంచివాడిలాగే ఉంటాడు. ఎవరినైనా నవ్వుతూనే పలకరిస్తాడు.

"రాండమ్మా, రాండి! ఓబుళప్ప పంపించినాడా? మంచి పని చేసినాడు. కాఫీ తెప్పించేదా?"

"వద్దన్నా."

"కాగితం తెచ్చినావా తల్లీ?"

కమలాక్షి చెంగు విప్పి పత్రం చూపింది. చేతికివ్వలేదు. కుంకుమ మరక చూసి తిప్పేస్వామి ముసిముసిగా నవ్వాడు. "మీరంతా ఇంతే. షేరుకు కూడా పూజ చేస్తారు. పోనీలే, నంబర్లు కనపడతాండాయి." పక్కనున్న ఫైలు విప్పి ఇంకో కాగితం పైకి తీశాడు. "నిన్ననే షేరు బదిలీ ఫారం రాసి పెట్టిపోయినాడు మీ ఆయన. రెండూ కలిపి రేపు రైలుకు బెంగుళూరు పంపిస్తా. గడువు దొరుకుతుంది. నువ్వు దిగులు పెట్టుకోవద్దు."

"ఏదీ, చూపించన్నా."

చూపించాడు. చదవడం రాదనుకున్నాడు కాబోలు. ధర్మవరం బడిలో అయిదో తరగతి దాకా చదివిన పిల్ల అని అతనికెవరు చెప్పారు?

అడుగున, ఇంగ్లీషు అచ్చు పక్కన గుమాస్తా తెలుగులో రాసిన అమ్మేవారి సంతకం అన్న చోట, కమలాక్షి అని ఉంది. కింద రెండు గీతలు, ఆ గీతల మధ్య ఒక చుక్క. ఆ గీతలూ ఆ చుక్కా ఎవరివో ఆమెకు పదేళ్లుగా తెలుసు. చాకలి పద్దు రాసినా, పెండ్లిపత్రిక మీద పేరు రాసినా ఓబుళప్ప అలాగే గీస్తాడు.

 ఇక్కడ ఏడిస్తే ఇంకేమన్నా ఉందా! కాగితం మీదే చూపు నిలిపింది.

"కొన్నప్పుడు కూడా ఇట్లే పెట్టినాడా?"

"ఎట్ల?"

"నా పేరు తనే రాసి."

తిప్పేస్వామి నవ్వు కాస్త సన్నబడింది. "ఇంట్లో ఇంట్లో అదేముందమ్మా? కంపెనీలో ఉండేది ఆ సంతకమే. ఇప్పుడు నువ్వు పెట్టినా అది కలవదు, వెనక్కి పంపిస్తారు. నీ సంతకంతో మాకు పనిలేదు."

ఎంత తేలిగ్గా చెప్పాడు! గరిసె మీద అత్త చెయ్యి. షేరు మీద మొగుడి చెయ్యి. పేరు మాత్రం తనది.

కమలాక్షి వేలు ఆ సంతకం పక్కకు జరిగింది. "ఈడ రాసిండేది ఏందన్నా? నా ఎదుట సంతకం చేసినారు, అని. కింద నీ పేరు."

"అది... సాక్షి."

"నీ ఎదుట నేనెప్పుడు చేస్తిని? నీ కొట్టు గడప తొక్కింది ఈ పొద్దే గదా! నీ హమాలీలంతా చూసినారు."

తిప్పేస్వామి చెయ్యి చాచాడు. అప్పటికే ఫారం ఆమె జాకెట్లోకి పోయింది. అక్కడికి ఏ మండీ షావుకారు చెయ్యీ రాదు.

"అమ్మా, అది ఇటియ్యి. బాగుండదు."

"నా విత్తనం నాకియ్యి. పన్నెండు మూటలు. నీ గోడౌన్లో ఉండాయి, నాకు తెలుసు. చౌకగా వేసుకొని వాన పడినాక రైతులకే రెండింతలకు అమ్మేకి దాచింటావు. మా ఇంటి గోనెసంచులే, చిరుగులకు నీలిదారంతో కుట్టింటాయి. కుట్టింది నేనే."

"ఇయ్యకపోతే?"

"ఈ కాగితం తీసుకొని పెనుకొండ కోర్టు మెట్లెక్కుతా. దొంగ సంతకానికి సాక్షి పెట్టినోనికి ఎన్నేండ్లు పడుతుందో నాకు తెలీదు. ప్లీడర్నడుగుతా."

కొట్టులో గుమాస్తాలు రాయడం ఆపేశారు. తిప్పేస్వామి గొంతు దించాడు.

"నాతో పాటు నీ మొగుడు కూడా పోతాడు లోపలికి. అది ఆలోచించినావా?"

ఆలోచించలేదు. ఒక్క క్షణం ఆమె కళ్ల ముందు ఓబుళప్ప కనిపించాడు. పెళ్లయిన కొత్తలో ఎండలో చేను గట్టున నిలబడి, సద్ది తెచ్చినందుకు ఆమెను చూసి సిగ్గుపడిన ఓబుళప్ప.  అయినా జాకెట్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

"ఎవరు పోయేది తర్వాత చూద్దాం. రేపు పొద్దున పద్దెనిమిది మంది నా వాకిట్లో చాటలు పెట్టుకొని కూర్చుంటారు. నేను మాటిచ్చినా. మూటలు తెప్పియ్యి."

తిప్పేస్వామి చాలాసేపు ఫోను వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత హమాలీకి సైగ చేశాడు.

గోడౌన్ తలుపు తెరుచుకుంది. నీలిదారం కుట్లు కనిపించగానే కమలాక్షి ముందుకు నడిచింది. ఒక మూట మూతి విప్పించి కాయ ఒకటి చిదిమి చూసింది. తన కాయే. లోపల రెండు గింజలు, ఎర్రగా, నిండుగా. యల్లప్ప ఒక్కొక్క మూటే వీపున వేసుకుని బండికెత్తాడు. ఆమె లెక్కపెట్టింది. తొమ్మిది. పది. పదకొండు.

పన్నెండో మూట ఎత్తుతుండగా తిప్పేస్వామి తీరిగ్గా గుమ్మంలోకి వచ్చాడు. మళ్లీ నవ్వుతున్నాడు.

"విత్తనం ఇచ్చినా తల్లీ. తీసుకపోయి యాడ విత్తుతావు?"

"మా చేన్లో."

"గుట్ట కింద ఆరెకరాలేనా?"

అతని చేతిలో ఒక స్టాంపు కాగితం ఉంది. దగ్గరికొచ్చి చూపించాడు, ఆమె చెయ్యి అందనంత దూరంలో. "పోయిన నెల పెనుకొండలో రిజిస్టరు చేసిచ్చినాడు. షేర్లకని నేనిచ్చిన దుడ్లు దసరాకల్లా కట్టకపోతే చేను నాది. ఇది దొంగ సంతకం కాదమ్మా. చేను ఓబుళప్పది, సంతకమూ ఓబుళప్పదే."

కమలాక్షి చదివింది. కింద రెండు గీతలు, మధ్యలో చుక్క.

"దసరాకు ఇంగా కాయ గట్టిపడదు," అన్నాడు తిప్పేస్వామి. "పంట పెరికేది దీపావళికి గదా? నువ్వు విత్తితే నాకే మంచిది. విత్తిన చేనే నా చేతికొస్తుంది."

యల్లప్ప మూట వీపు మీద పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. బండికెత్తాలో, దించాలో తెలియలేదు. ఆమె మొహంలోకి చూశాడు.

"అమ్మా... ఎవరి చేన్లో విత్తేది?"

మండీ వీధిలో అందరూ చూస్తున్నారు. ఆమె అరచేతిలో ఇంకా ఆ రెండు గింజలు ఉన్నాయి. వాటిని మూటలోకే వేసి, మూతి తనే కట్టింది.

"మన చేన్లో. బండికెత్తు," అంది. తర్వాత తిప్పేస్వామి వైపు తిరిగింది. "దసరా నాడు నువ్వే రా అన్నా. గుమాస్తాను పంపిస్తే కుదరదు. ఈ దొంగ సంతకం కాగితం నా దగ్గరే పెట్టుకొని చేను గట్టున నేనే నిలబడుంటా."